ఊదా దీపం కింద తొంభై ఆరు గుంటలు

"మిమ్మల్ని చూస్తే డిటెక్టివ్‌లా లేరే" అన్నాడు గేటు దగ్గర మనిషి, నా కార్డును అటూ ఇటూ తిప్పి చూస్తూ.

"మరెలా ఉన్నాను?"

"మా పెద్దమ్మలా ఉన్నారు."

"మీ పెద్దమ్మను ఇలా ఎండలో నిలబెడితే ఊరుకుంటుందా?"

ఊరుకోదని వాడి మొహమే చెప్పింది. గేటు తీశాడు.

నా వెనకే అత్తగారు లోపలికొచ్చింది. నా అత్తగారు కాదు, నాకు ఈ కేసు తెచ్చిన మనిషి. ముప్పై ఏళ్లు హెడ్‌మిస్ట్రెస్‌గా పనిచేసి రిటైరైంది. భుజాన బూడిదరంగు శాలువా, చేతిలో స్టీలు నీళ్లసీసా. నిన్న సాయంత్రం మా ఆఫీసుకొచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా సూటిగా విషయంలోకి దిగింది.

"నా కోడలికి ముక్కు మీద కోపం. వంట రాదు. నాతో రోజుకొక్కసారైనా పోట్లాడకపోతే దానికి నిద్ర పట్టదు. కానీ దొంగతనం చెయ్యదు. రేపు ఐదింటికి దాన్ని పోలీసుల చేతికిస్తారట. ఇవ్వకుండా చూడండి."

అత్త మెచ్చిన కోడలు ఉండదంటారు. మెచ్చకపోయినా కోడలి కోసం ఇంత దూరం వచ్చిన అత్తను నేను మొదటిసారి చూశాను. ఫీజు సంగతి తర్వాత చూద్దామన్నాను.

కేసు ఇది. ఈ ల్యాబ్‌లో పిల్లల మూర్ఛకు వాడే మందు ఒకదాన్ని చవకగా తయారు చేసే దారి వెతుకుతున్నారు. అందులో ఒక దశలో పల్లాడియం అనే లోహం కావాలి. అది తాను ఖర్చు కాకుండా పక్కనుండి పని జరిపిస్తుంది. ఆ లోహానికి తోడుగా ఏ పదార్థం కలపాలి, ఏ ద్రావకంలో వెయ్యాలి, ఎంత వేడి పెట్టాలి అన్నదే అసలు కిటుకు. కోడలు నాలుగేళ్లుగా ఆ కిటుకు వెంట పడింది. మొన్న సోమవారం ఇంకో కంపెనీ లేచి ఆ కిటుకు తమదని పేటెంటుకు దరఖాస్తు పెట్టింది. లోహం అదే, తోడు అదే, ద్రావకం అదే. ల్యాబ్ లోపలి మనిషి చెప్పకపోతే బయటకు పోయే సంగతి కాదు.

మెట్లెక్కి వరండాలోకి రాగానే ఎదురుపడ్డాడు తమ్ముడు.

వీడూ నా తమ్ముడు కాదు. ఆరేళ్లు నా దగ్గర పని నేర్చుకుని, తర్వాత సొంత దుకాణం పెట్టుకున్నాడు. కంపెనీల కాపలా వ్యవహారాలన్నీ ఇప్పుడు వీడి చేతిలోనే. మొదటి కేసు గెలిచిన రోజు నేనే వీడికి ఒక టై కొనిపెట్టాను. ముదురు నీలం మీద ఎర్రచుక్కలు. ఇవాళా మెడలో అదే ఉంది.

"అక్కా! నువ్వెందుకొచ్చావ్? ఈ కేసుకి నేను మూత పెట్టేశాను."

"మూత పెట్టేముందు లోపలేముందో చూశావా, లేక వాసన చూసి పెట్టేశావా?"

"నీ నోరు మారలేదు" అని నవ్వాడు.

"నీ టై కూడా మారలేదు. నేను కొన్నప్పుడు ఇంకాస్త నీలంగా ఉండేది. ఉతకవా?"

"టైని ఎవరన్నా ఉతుకుతారా? అదృష్టం కొట్టుకుపోతుంది. పెద్ద పని ఉన్న రోజు ఇదే వేస్తాను." వాడు ఫోన్ తెరిచి నా మొహం ముందు పెట్టాడు. "ఇదిగో, చూసుకో. పోయిన గురువారం, మధ్యాహ్నం భోజనాల వేళ. చీకటి గది తలుపు ఒంటిగంటా ఇరవైకి తెరుచుకుంది. తెరిచింది ఈవిడగారి కోడలి కార్డు. ఆ గదికి ఉన్నవి రెండే కార్డులు. రెండోది డైరెక్టర్‌ది, ఆయన ఆ రోజు ఊళ్లో లేడు. మిగతా అందరూ క్యాంటీన్‌లో ఉన్నారు. ఈ అమ్మాయి ఒక్కతే లేదు. ఇంకేం కావాలి?"

"ఆ అమ్మాయి గదిలోకి వెళ్తే తప్పేంటి? అది ఆమె గదే కదా."

"అదే అక్కా! తాను వెళ్లలేదంటోంది. కార్డేమో వెళ్లిందంటోంది. ఇద్దరిలో ఒకరు అబద్ధం చెప్తున్నారు. కార్డుకి అబద్ధమాడే అవసరం ఏముంది?"

అత్తగారు నా వెనకనుంచి ముందుకొచ్చింది. "బాబూ, నీకు చదువు చెప్పిందెవరు?"

"ఏం?"

"ఏం లేదు. పాపం అనిపించింది."

వాడి మొహం ఎర్రబడింది. "ఐదింటికి జీపొస్తుంది. పోలీసులతో నేనే మాట్లాడాను. ఈలోపు నువ్వేం చూసుకుంటావో చూసుకో. నీ ముచ్చట నేనెందుకు కాదంటాను?" అని పక్కకు జరిగాడు.

అప్పుడు టైం మూడు దాటింది.

*

చీకటి గది ముందు చిన్న గదిలో కోడలు స్టూలు మీద కూర్చుని ఉంది. ముప్పై ఏళ్లుంటాయి. జుట్టు మొత్తం పైకి చుట్టి టోపీలో దోపింది. తోటివాళ్లు ఆమెను మిణుగురు అంటారట, రోజంతా చీకట్లో వెలుగులు చూస్తూ కూర్చుంటుందని. ఏడ్చిన కళ్లే, కానీ బెదురు లేదు. మమ్మల్ని చూడగానే లేచి నా భుజానికున్న సంచిని వేలితో చూపించింది.

"ఆ పట్టీ లోపలికి దోపండి. అత్తయ్యా, నీ శాలువా కూడా. ఈ గడప దాటాక వేలాడేది ఏదీ ఉండకూడదు. మెడలో కార్డు తాడు కూడా జేబులో పెట్టుకోవాలి."

"జైలుకి పోతూ కూడా రూల్సా!" అంది అత్తగారు, శాలువా చుట్టుకుంటూ.

"కిందటేడు ఒకడి తాడు కొస ప్లేట్‌లో మునిగి నెల రోజుల పని పాడైంది. అప్పట్నుంచి ఇక్కడెవరూ మర్చిపోరు."

నేను నేరుగా అడిగాను. "గురువారం ఒంటిగంటా ఇరవైకి ఎక్కడున్నావ్?"

"కింద సింకు దగ్గర. కలిపే అయస్కాంతాలు కడుగుతున్నాను."

"భోజనం మానేసా? ఇంకెవరూ కడగరా?"

"కడుగుతారు, సబ్బు నీళ్లతో. అవి చిటికెన వేలి గోరంత ఉంటాయి మేడమ్. పాత్రలో వేసి తిప్పితే మందు కలుస్తుంది. కానీ నిన్నటి లోహం వాటికి కంటికి కనబడనంత అంటుకుని ఉంటుంది. సబ్బుకి పోదు. అలాగే వాడితే అసలు లోహమే వెయ్యని పాత్ర కూడా వెలుగుతుంది. ఒకసారి అలా నేనే మోసపోయి రెండు వారాలు సంబరపడ్డాను. అందుకే అందరూ వెళ్లాక, యాసిడ్‌తో నేనే కడుక్కుంటాను."

"కార్డు?"

"నా జేబులోనే ఉంది. దేవుడి మీద ఒట్టు. కార్డు నా జేబులో ఉండగా తలుపెలా తెరుచుకుందో నాకు తెలీదు."

సాక్షి లేడు. కాని అబద్ధమాడేవాళ్లు ఇంత చప్పటి అబద్ధం చెప్పరు. వెళ్లి పడుకున్నాననో, ఫోన్ మాట్లాడుతున్నాననో అంటారు. అయస్కాంతాలు కడుగుతున్నానని ఎవరంటారు?

"గది చూపించు" అన్నాను.

లోపల కిటికీల్లేవు. గోడ మీద ఏ గుంటలో ఏమేం కలిపారో చూపే పెద్ద పటం. మూల చిన్న సింకు. మధ్య బల్ల మీద ఊదా దీపం. కోడలు మాకు పసుపు కళ్లద్దాలు ఇచ్చి, ఫ్రిజ్‌లోంచి అరచేతి పొడుగున్న ప్లాస్టిక్ ప్లేటు తీసింది. అందులో పన్నెండేసి చొప్పున ఎనిమిది వరసల్లో బుల్లి గుంటలు. మొత్తం తొంభై ఆరు.

"గురువారం నాటి ప్లేటు ఇదే. పని ఆగిపోయేలా మందేసి దాచాను. ప్రతి గుంటలోనూ పల్లాడియం ఉంది. తోడు పదార్థం, ద్రావకం మాత్రం ఒక్కో గుంటలో ఒక్కో రకం. దాంతోపాటు ఒక రంగు వేస్తాను. ఆ రంగుకి మూత ఉంటుంది. మూత ఉన్నంతసేపూ వెలగదు. లోహం దాని మూత ఊడగొడితే పచ్చగా వెలుగుతుంది. లోహం ఎంత హుషారుగా పనిచేస్తే అంత వెలుగు. ఒక్కో పాత్రా తెరిచి కొలుస్తూ కూర్చుంటే ఏడాది పట్టే పని, ఇలా అయితే ఒక్క పూటలో చూపుతో తేలిపోతుంది."

గది దీపం ఆర్పి ఊదా దీపం వేసింది.

అబ్బ! అరచేతిలో ఊరంతా దీపాలు పెట్టినట్టుంది. కొన్ని మిణుకుమంటున్నాయి, కొన్ని చీకటిగా ఉన్నాయి. నాలుగో వరసలో నడిమి గుంట ఒకటి మాత్రం కళ్లు చెదిరేలా వెలిగిపోతోంది.

"అది డి-ఏడు" అంది కోడలు.

"ఆ కంపెనీ వాళ్ల దరఖాస్తులో ఉన్నది?"

"అదే. డి-ఏడు."

"అంటే నీ నాలుగేళ్ల కష్టం అదేనన్నమాట."

కోడలు అదోలా నవ్వింది. వచ్చినప్పట్నుంచి ఆమె నవ్వడం అదే మొదటిసారి. "అందరూ అలాగే అనుకుంటారు మేడమ్. ఈ చివర చూడండి. రెండో వరస, అంచున. బి-పన్నెండు."

చూశాను. మసకగా, మడ్డిగా ఉంది. దాన్ని ఎవరూ రెండోసారి చూడరు.

కోడలు సన్నటి గొట్టంతో డి-ఏడులోంచి ఒక బొట్టు, బి-పన్నెండులోంచి ఒక బొట్టు తీసి, నీళ్లున్న రెండు గాజు గ్లాసుల్లో వేసింది. డి-ఏడు గ్లాసు లేతగా వెలిగింది. బి-పన్నెండు బొట్టు నీళ్లలో పడీ పడగానే పచ్చటి మంటలా విచ్చుకుంది. గ్లాసు మొత్తం నిండిపోయి, ఆ వెలుగు అత్తగారి ముక్కు మీద పడింది.

"ఓర్నీ!" అన్నాను.

"మూతలు మరీ ఎక్కువ ఊడిపోతే వెలుగు ఆరిపోతుంది మేడమ్. వెలిగే రేణువులు కిక్కిరిసి ఒకదాని వెలుగు ఒకటి మింగేస్తాయి. ఎండిపోయినా అంతే. నీళ్లు పోసి పలచన చేస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. ఇక్కడ పనిచేసేవాళ్లు ప్లేటుని నేరుగా చూసి ఏదీ నమ్మరు. బొట్టు తీసి, నీళ్లు కలిపి, అప్పుడు అంకెలు రాస్తాం."

"నిండు కుండ తొణకదని ఒక్క ముక్కలో చెప్పొచ్చుగా!" అంది అత్తగారు.

"నువ్వు చెప్పు అత్తయ్యా, నేను ఊరుకుంటా."

వాళ్లను అలా పోట్లాడుకోనిచ్చి నేను గోడకానుకున్నాను. కోడలు దొంగైతే బి-పన్నెండు అమ్మేది. బి-పన్నెండు గురించి తెలిసినవాళ్లు ఎవరైనా అదే అమ్ముతారు. డి-ఏడు అమ్మినవాడు ఈ గదిలోకొచ్చి, ప్లేటును నేరుగా చూసి, దేదీప్యమానంగా వెలుగుతున్నదే గొప్పదనుకున్నాడు. గోడ మీద పటం చూసి అందులో ఏముందో ఫొటో తీసుకున్నాడు. అంటే వాడికి ఈ గది పని తెలీదు. వాడు బయటివాడు.

"ఆ రోజు తిరిగొచ్చాక ప్లేటులో తేడా ఏమైనా కనిపించిందా?"

ఆమె ఆలోచించింది. "బి-పన్నెండులో కాస్త తగ్గింది. నా చెయ్యే తప్పిందనుకున్నాను. ఎవరితో చెప్పుకోను, నాలుగు బొట్లు తక్కువున్నాయని?"

ప్లేటు అంచును దీపం కింద తిప్పించాను. బి-పన్నెండు పక్కన, బయటి గోడ మీద నారింజరంగులో ఎండిపోయిన మరక. వెలుగు లేదు. కోడలు కుంచెతో దాని కొసన మాత్రం నీళ్లు తాకించింది. మరక పచ్చగా మేల్కొంది. భూతద్దం పెట్టి చూశాను. అడ్డంగా నిలువుగా సన్నటి గీతలు. గుడ్డ నేత. కోసుగా మొదలై, పైకి పోయేకొద్దీ వెడల్పయింది.

"మీ కోటు చేతులా?"

"మా కోట్లు నున్నటి ప్లాస్టిక్ గుడ్డ. చేతుల దగ్గర బిగించి ఉంటాయి. ఇది మావాళ్లది కాదు."

నాకు వెంటనే ఒకటి తట్టింది. తట్టకపోయినా బావుండుననిపించింది. వాడు కాకూడదు దేవుడా అనుకున్నాను.

*

డైరెక్టర్ గదిలో నేను కుర్చీ లాక్కునేలోపే ఆయన మొదలుపెట్టాడు. మంచి మనిషే, నలిగిపోయున్నాడు.

"ఆ అమ్మాయి నా కూతురి ఈడుదండీ. నాకు మాత్రం సరదానా? కానీ కార్డు అబద్ధం చెప్పదు కదా."

"కార్డుకి నోరు లేదు సార్. దానికి నోరు పెట్టినవాడు ఏం చెప్పిస్తే అది చెప్తుంది. ఆ ప్లేటుని మీరు కళ్లతో చూశారా?"

"నేనా? నాకు అంకెలు చాలు. శుక్రవారం పొద్దున ఆమె పంపింది. బి-పన్నెండు అన్నిటికన్నా పైన ఉంది."

"దరఖాస్తులో ఉన్నది డి-ఏడు."

"అవును, అదే నాకు అర్థం కానిది. డి-ఏడు మా పట్టికలో దానికన్నా చాలా కింద ఉంది. బహుశా ఆ అమ్మాయి కావాలనే వాళ్లకు తక్కువ సరుకు..."

"దొంగిలించి, పట్టుబడి, జైలుకి పోవడానికి సిద్ధపడి, తక్కువ సరుకమ్మిందా? అంత దానధర్మం చేసే దొంగను నేనింతవరకు చూళ్లేదు." నేను లేచాను. "ఒక్క ప్రశ్న. ఈ కార్డుల తలుపులు ఎవరు పెట్టారు?"

"మీ తమ్ముడే. రెండు నెలల కింద. గురువారం కూడా వచ్చి మిషన్లన్నీ సరిచూసి వెళ్లాడట. ఎందుకు?"

తలుపు పెట్టినవాడికి తాళంచెవి ఇంకొకటి చేసుకోవడం ఎంత సేపు? ఆ తాళంచెవి మీద ఎవరి పేరు కావాలంటే ఆ పేరు రాసుకోవడం ఎంత సేపు? కాని అనుమానం సాక్ష్యం కాదు. ఈ పాఠం వాడికి చెప్పిందీ నేనే.

"చీకటి గదికి రండి సార్. తమ్ముణ్ణి కూడా పిలవండి."

*

అయిదుగురం ఆ గదిలో ఇరుక్కుని నిలబడ్డాం. ఊదా దీపం వెయ్యగానే డైరెక్టర్ చొక్కా కాలరు, తమ్ముడి చొక్కా మొత్తం నీలంగా మెరిశాయి. తమ్ముడు చప్పట్లు కొట్టాడు.

"చూశారా సార్? ఈ దీపం కింద ఉతికిన చొక్కా కూడా వెలుగుతుంది. ఇప్పుడు అక్క దీన్నే సాక్ష్యం అంటుంది."

"అది బట్టలుతికే పొడిలో కలిపే తెలుపు మందు. అది నీలం, మాది పచ్చ" అంది కోడలు.

"దొంగలు రంగుల పాఠాలు చెప్తే వినే ఓపిక నాకు లేదు."

"నోరు అదుపులో పెట్టుకో" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "గురువారం ఈ ప్లేటు మీద ఎవరో వంగారు. వాళ్ల ఒంటి మీంచి వేలాడే గుడ్డ ఏదో ఈ అంచు గుంటలో మునిగింది. మరక ఇక్కడుంది, నేతతో సహా. ఆ గుడ్డ ఎవరిదో చూద్దాం."

తమ్ముడు భుజాలెగరేశాడు. "చూడు. ఇక్కడెవరి మీదైనా పచ్చటి మచ్చ కనిపిస్తోందా? దీపం కిందే కదా నిలబడ్డాం!"

నిజమే. ఎవరి మీదా పచ్చ లేదు.

"ఒకసారి తడిపి చూస్తాను, మరకలు ఎండితే సరిగ్గా కనబడవు" అన్నాను తేలిగ్గా.

డైరెక్టర్ ఇబ్బందిగా గడియారం చూసుకున్నాడు. ఇంకొక్క క్షణం గడిస్తే వద్దనేవాళ్లేమో. అత్తగారు శాలువా విప్పి బల్ల మీద పరిచింది. నీళ్లసీసా మూత తీసి నా చేతికిచ్చింది.

"ముందు నాది తడుపు. తర్వాత వరసగా అందరివీ. ఎవరైనా వెనక్కి దాచుకుంటే వాళ్ల సంగతి నేను చూస్తాను."

ముప్పై ఏళ్లు పిల్లల చేతులు చాపించి గోళ్లు చూసిన గొంతది. ఎవరికి కాదనే ధైర్యం ఉంటుంది? శాలువా అంచు తడిపాను. ఏమీ లేదు. నా సంచి పట్టీ తడిపాను. ఏమీ లేదు. డైరెక్టర్ జేబులోంచి కార్డు తాడు తీసిచ్చాడు. ఏమీ లేదు.

"అయిందా నాటకం?" అన్నాడు తమ్ముడు. తనే ముందుకొచ్చి టై కొస దీపం కింద పెట్టాడు. "ఇదిగో. నీలం, ఎరుపు. పచ్చ ఎక్కడుంది అక్కా?"

లేదు. ఎక్కడా లేదు. ఆ ఒక్క క్షణం నా గుండె తేలికపడింది. వీడు కాదు, ముసలిదాన్నై వీణ్ణి అనుమానించాను అనుకున్నాను. సీసా వంచాను.

ముందు కొసన ఆవగింజంత వెలుగు. నీళ్లు పాకేకొద్దీ అదీ పాకింది. ఎర్రచుక్కల మధ్యనుంచి పైకి, బొటనవేలంత వెడల్పున, పచ్చగా, ధారాళంగా. తమ్ముడు టైని గబుక్కున గుప్పిట్లో నలిపాడు. వేళ్లు వెలిగాయి. పక్కనే ఉన్న సింకు దగ్గరకు ఉరికి కుళాయి తిప్పి చేతులు కడుక్కున్నాడు. కడిగేకొద్దీ అరచేతులూ, మణికట్టూ, సింకు అంతా పచ్చబడిపోయింది.

"ఎందుకు పోవట్లేదు?" అన్నాడు, చిన్నపిల్లాడిలా.

"మీరు ముంచింది బి-పన్నెండులో" అంది కోడలు మెల్లగా. "అసలు సరుకు అదే. నీళ్లు తగిలితే ఇంకా వెలుగుతుంది. మీరు ఫొటో తీసుకుంది వేరేది."

డైరెక్టర్ గోడకు చేరగిలబడ్డాడు. "కంచే చేను మేసిందా!"

నేను కుళాయి కట్టేశాను. నాకు వాణ్ణి కొట్టాలనిపించింది, ఏడుపూ వచ్చింది. రెండూ మానేశాను. "నేను కొనిచ్చిన టై రా అది. దాన్ని మెళ్లో వేసుకునే చేశావా ఈ పని?"

"అక్కా..."

"ఆ పిల్ల పేరు మీద కార్డు చేశావ్. దొంగ అన్నావ్. ఐదింటికి పోలీసులకు కూడా నువ్వే..." అని ఆగిపోయాను.

వాడు నా మొహం చూడలేకపోయాడు. తల దించుకునే ఆ తీరు నా దగ్గరున్న ఆరేళ్లూ చూసిందే. ఇంకా చెప్పాల్సింది మిగిలున్నప్పుడే అలా దించుకుంటాడు.

"చెప్పు" అన్నాను.

"డి-ఏడు పెద్ద పాత్రలో పనిచెయ్యలేదట. రెండ్రోజుల నుంచి ఆ కంపెనీ వాళ్లు నా పీకల మీద కూర్చున్నారు. తప్పుడు సరుకిచ్చావు, అసలుది తీసుకురా అని. నాకేం తెలుసక్కా, అది ఎక్కడుందో? ఆమె బుర్రలో ఉందని చెప్పాను."

"అయితే?"

"ఐదింటికి వచ్చేది పోలీసులు కాదు, వాళ్ల మనుషులు. పోలీసులకు నేను ఫోనే చెయ్యలేదు. డైరెక్టరే ఆమెను చేతులారా అప్పగిస్తే ఎవరూ వెతకరని... మాట్లాడి పంపించేస్తామన్నారు. ఒట్టు, మాట్లాడి పంపించేస్తామనే అన్నారు."

కోడలు చేతిలోని గాజుగ్లాసు బల్ల మీద పెట్టేసింది. అత్తగారు ఆమె మోచెయ్యి పట్టుకుంది, పట్టుకుని వదల్లేదు.

కింద గేటు కిర్రుమంది. ఏదో బండి లోపలికొచ్చి ఆగింది. రెండు తలుపులు, తర్వాత మూడోది, వేసిన చప్పుడు. ఇంకా ఐదు కాలేదు.

"గేటు తీసేశాడు" అన్నాడు డైరెక్టర్ పాలిపోయి. "జీపొస్తుందని నేనే చెప్పాను."

"సార్, అసలు పోలీసులకు ఫోన్ చెయ్యండి. ఇప్పుడే. ఇక్కణ్ణుంచే." వరండా చివర అద్దాల తలుపు గుర్తొచ్చింది. రెండు రెక్కలు, లోపలివైపు రెండు ఇనుప పిడులు. "ఆ అద్దాల తలుపుకి తాళం ఎలా వెయ్యాలి?"

"దానికీ కార్డే. వాళ్ల దగ్గరా ఉంది కార్డు. నేనే ఇచ్చాను" అన్నాడు తమ్ముడు.

నేను చెయ్యి చాపాను. "టై విప్పు."

వాడు విప్పాడు. నీళ్లోడుతూ బరువుగా ఉంది. అందరం వరండాలోకి పరిగెత్తాం. మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపిస్తోంది. అదరాబాదరా లేదు, తమ సొంతింటికొస్తున్నట్టే వస్తున్నారు. నేను టైని రెండు పిడుల్లోంచీ దూర్చాను. తడి గుడ్డ జారుతోంది, ముడి పడటం లేదు.

అత్తగారు కోడల్ని తన వెనక్కి నెట్టి, శాలువా నడుముకి బిగించింది.

టై రెండు కొసలూ తమ్ముడి చేతిలో పెట్టాను. "నీకు మొదటిరోజు నేర్పిన ముడి గుర్తుందా? ఎంత లాగితే అంత బిగిసేది."

వాడు నావైపు చూశాడు. తర్వాత తలుపు అవతలికి చూశాడు. కార్డు గీకిన చప్పుడు, తలుపు మీద చిన్న దీపం రంగు మారడం, రెండూ ఒకేసారి జరిగాయి.

వాడు ముడి వేశాడు.